మూడు గుప్పెళ్ళ తవుడు

అనగనగా ఒక ఊళ్ళో ఒక గెడ్డ, గెడ్డ పక్కన ఒక బడి, బళ్ళో ఒక పిల్ల. మనం వాగు అంటాం చూడు, అక్కడ దాన్నే గెడ్డ అంటారు. గట్టంతా నేరేడు చెట్లు కాబట్టి ఆ ఊరిని నేరేడుగెడ్డ అన్నారు. ఊరి పేరు ఎలా వచ్చిందో ఒక్క ముక్కలో చెప్పేశాను. పిల్ల పేరు ఎలా వచ్చిందో చెప్పడానికి మాత్రం కథంతా కావాలి. ఊఁ కొడుతూ ఉండు. నీ ఊఁ ఆగితే నా కథ ఆగుతుంది.

ఆ పిల్ల పేరు తవిటమ్మ.

నవ్వావు కదూ? నవ్వు, ఫర్వాలేదు. బళ్ళో పిల్లలూ అలాగే నవ్వేవారు. వడ్లు దంచితే మొదట ఊక పోతుంది. బియ్యాన్ని మళ్ళీ దంచితే మెత్తటి పొడి రాలుతుంది. అదే తవుడు. గేదెలకి కుడితిలో కలిపి పెడతారు. ఆ తవుడు పేరే ఆ పిల్లకి పెట్టారు. దాంతో తవిటమ్మ వీధిలో నడిస్తే చాలు, వెనకనుంచి పాట మొదలయ్యేది.

తవుడూ తవుడూ తవిటమ్మా,
గేదొచ్చింది, దాక్కోవమ్మా!

తవిటమ్మకి పదేళ్ళు. లెక్కల్లో బడికంతా మొదటిది. ఈతలో మగపిల్లలకన్నా ముందు. ఆ పాట కట్టిన పెంటయ్యని రెండుసార్లు గెడ్డలో ముంచింది కూడా. వాడు తడిగుడ్డలతో ఒడ్డెక్కి మళ్ళీ అదే పాట పాడాడు. మనిషిని ముంచొచ్చు గానీ పాటని ముంచడం ఎవరి తరం?

పాటకన్నా ఇంకోటి ఎక్కువ గుచ్చుకునేది. తవిటమ్మ వాళ్ళమ్మ పేరు సన్యాసమ్మ. సంతలో ఎవరైనా "నీ కూతురా? అచ్చం నీ పోలికే" అంటే సన్యాసమ్మ తల కూడా తిప్పేది కాదు.

"నా కూతురేటి? తవుడు పోసి కొన్నాను" అనేది.

ఆ సన్యాసమ్మే తలంటి పోసేది. చేపలో ముళ్ళు తీసి అన్నం కలిపి పెట్టేది. జ్వరం వస్తే మంచం కోడు పట్టుకుని కూర్చునేది. కానీ 'నా కూతురు' అన్న మాట మాత్రం నోటంట వచ్చేది కాదు. ఇవాళ అంటుందేమో, రేపు అంటుందేమో అని తవిటమ్మ చూసేది. అనేది కాదు. తనని నిజంగానే ఎవరి దగ్గరో కొనుక్కొచ్చారేమోనని ఆ పిల్ల భయం. అడుగుదామంటే, ఔనంటే ఎలా?

అప్పుడు ఆ బడికి గుంటూరు వైపునుంచి ఒక కొత్త పంతులుగారు వచ్చారు. తెల్లచొక్కా, నల్లగొడుగు, జేబుకి సిరాకలం. ఎక్కడ సంతకం పెట్టినా 'పి. రావు' అని పొట్టిగా పెట్టేవారు.

ఒక శనివారం పంతులుగారు ఐదో తరగతి పిల్లల్ని వరసగా నిలబెట్టారు.

"మీరంతా ఇక పట్నం బళ్ళో చేరాలి. దానికి నేనొక కాగితం రాసిస్తాను. అందులో ఏ పేరు రాస్తే చచ్చేదాకా అదే మీ పేరు. కాబట్టి ఈ మోటు పేర్లు ఇక్కడే వదిలెయ్యండి. ఏరా పెంటయ్యా, నువ్వు ప్రభాకరం. అప్పలకొండా, నువ్వు అపర్ణ. తవిటమ్మా, నువ్వు..." ఆయన కాసేపు ఆలోచించారు. "హేమలత. హేమం అంటే బంగారం. లత అంటే తీగ. బంగారు తీగవి."

పంతులుగారు చెడ్డవారు కారు సుమా. "పట్నంలో నవ్వుతారమ్మా. ఆ నవ్వు ముల్లులాంటిది, లోపలే విరుగుతుంది" అన్నారు. ఆ ముల్లు తన కాల్లోనూ ఉన్నట్టే అన్నారు.

"సోమవారం మీ అమ్మనో నాన్ననో తీసుకురండి. వాళ్ళ ఎదుటే రాస్తాను."

తవిటమ్మ కాళ్ళు నేల మీద ఆనలేదు. హేమలత! పలక మీద రాసుకుంది. గెడ్డ ఒడ్డున తడి ఇసకలో రాసుకుంది. ఇంటికి పరుగెత్తేసరికి సన్యాసమ్మ రోట్లో బియ్యం దంపుతోంది.

"అమ్మా, సోమవారంనుంచి నా పేరు హేమలత."

రోకలి పైనే ఆగిపోయింది.

"ఎవులు పెట్టారు?"

"పంతులుగారు. నువ్వొచ్చి సరేనంటే చాలు."

"అనడానికి నేనెవుల్నే?" అంది సన్యాసమ్మ. "పేరు నాది కాదు. ఆ తవుడూ నాది కాదు. మూడిళ్ళది, ఇంటికో గుప్పెడు. ఎనక్కి ఇచ్చేసి రా. వాళ్ళు పుచ్చుకున్నారంటే బేరం చెల్లిపోయినట్టే. ఆపైన హేమలతవో, ఇంకేటో, నీ ఇష్టం."

"ఎవరా ముగ్గురు?"

"కల్లం కాడ బంగారమ్మ. గానుగింటి పైడమ్మ. గెడ్డవతల దాలమ్మ."

"ఎందుకిచ్చారు?"

"వాళ్ళనే అడుగు. నేను చెప్పకూడదు."

సన్యాసమ్మ రోట్లోంచి మూడు గుప్పెళ్ళ తవుడు తీసి మూడు గుడ్డముక్కల్లో మూటలు కట్టింది. మళ్ళీ రోకలి అందుకుంది. కానీ రోజూ గడియారంలా పడే దంపు ఆవేళ అడుగు తప్పింది. తవిటమ్మ అది వినిపించుకోలేదు. హేమలతలు అలాంటివి వినరు.

ఆ తర్వాత, ఆదివారం పొద్దున్నే, తవిటమ్మ మూడు మూటలూ పట్టుకుని బయల్దేరింది.

మొదట బంగారమ్మ దగ్గరికి వెళ్ళింది. ఊళ్ళో పెద్ద కమతం బంగారమ్మదే, పెద్ద నోరూ ఆమెదే. కల్లంలో చాప పరిచి కందులు ఎండబోస్తోంది.

"పెద్దమ్మా, నీ తవుడు నువ్వు తీసేసుకో. నేను పేరు మార్చుకుంటున్నాను."

బంగారమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఓలమ్మో! ఇచ్చిన పదేళ్ళకి తెచ్చావే! పురుగు పట్టిందా, పట్టలేదా?"

"కొత్తదే. నిన్న దంపింది."

"కూకో" అంది బంగారమ్మ. తవిటమ్మ కూర్చుంది.

"మీ ఇంటికీ మా ఇంటికీ పొలం గట్టు తగువు. ఏడేళ్ళు మాటల్లేవు. మీ అయ్య ఎదురొస్తే నేను ఉమ్మేసి పక్కకి తిరిగేదాన్ని. ఒకనాడు తెల్లారగట్ల మీ అయ్య వచ్చి మా గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో ఖాళీ చేట. నోరు పెగల్లేదు. 'పిల్లకి' అన్నాడు, అంతే. నేను ఏటనీ అడగలేదు, ఎందుకనీ అడగలేదు. లోపలికెళ్ళి గుప్పెడు తవుడు పోశాను. నా గుప్పెడు చూశావు కదా, చిన్నదేం కాదు."

"తర్వాత?"

"మర్నాడు మీ అయ్య గట్టు కాడ జానెడు నేల మావైపు వదిలేశాడు. ఆ పక్కరోజు నేనొక జానెడు మీవైపు వదిలాను. ఇదుగో, ఈ కందులు ఆ రెండు జానల్లో పండినవే. సగం మీ ఇంటికే వస్తాయి. ఇప్పుడు నేను తవుడు పుచ్చుకుంటే ఆ గట్టు మళ్ళీ పెట్టుకోవాలి, మళ్ళీ ఉమ్ముకోవాలి. నాకంత ఓపిక లేదు. పట్టుకుపో నీ మూట!"

తవిటమ్మ లేచింది. లేచి, గొంతులో ఉన్నది బయటికి తోసింది.

"పెద్దమ్మా, నన్ను ఎవరి దగ్గర కొన్నారు?"

"అమ్మింది దాలమ్మ. అంతకన్నా నన్నడక్కు."

అప్పుడు తవిటమ్మ గుండె జారి గెడ్డలో పడ్డంత పనైంది. దాలమ్మ అమ్మిందా? అయితే దాలమ్మ పిల్లనా నేను?

ఆ తర్వాత గానుగింటికి వెళ్ళింది. పైడమ్మ నువ్వుల్లో రాళ్ళు ఏరుతోంది. పైడమ్మ మాట మెత్తన, మనిషీ మెత్తన. మూట విప్పి, తవుడు దోసిట్లో పోసుకుని, చాలాసేపు చూసింది. పుచ్చుకుంటుందనే అనుకుంది తవిటమ్మ.

"మీ అమ్మకి ముందు ఇద్దరు పుట్టారు" అంది పైడమ్మ. "ఇద్దరూ పురిటి స్నానం దాకా కూడా ఉండలేదు. నాకూ ఒకడు అలాగే పోయాడు. మంచి పిల్లలు, మన పిల్లలు అని మురిసిపోయామా, చావు వింటాది. ఎత్తుకుపోతాది. అందుకని మనది కాదనాలి. చెత్తనాలి, తవుడనాలి. అప్పుడది మొహం తిప్పుకుని పోతాది. పెద్దలు చెప్పిన ఉపాయం."

"నువ్వు తవుడెందుకిచ్చావు పిన్నీ?"

"ఇవ్వకూడదన్నారు అందరూ. పిల్లలు నిలవని ఇంటికి తవుడిస్తే ఆ పీడ మనకి చుట్టుకుంటుందట. అప్పుడు నా కడుపులో మా గుంటడున్నాడు. మా అత్త వాకిలికి అడ్డం నిలబడింది. నేను పెరటి గుమ్మంలోంచి మీ అయ్యని పిలిచి పోశాను. వారం రోజులు నిద్రపట్టలేదనుకో. కానీ పోశాను."

"మరి ఆ గుంటడు?"

"బతికాడు. వాణ్ణి పుట్టగానే పెంటకుప్ప మీద దొర్లించి, చెత్తలో దొరికాడన్నాం. పెంటయ్య. నీకు తెలుసుగా?"

తవిటమ్మకి తెలియకపోవడమేం? సరిగ్గా అప్పుడే గోడవతల 'తవుడూ తవుడూ' అని పాట వినిపించింది. పైడమ్మ మెత్తటి మనిషని చెప్పానా? ఆ మెత్తటి మనిషి లేచి వెళ్ళి, కొడుకు చెవి పట్టుకుని లోపలికి లాక్కొచ్చింది.

"ఒరే, పెంట మీద దొర్లినోడా! ఆ గుప్పెడు తవుడు పోసేటప్పుడు నా పొట్టలో నువ్వూ ఉన్నావురా. ఈ గుంట పేరులో నీకూ వాటా ఉంది. నీ పేరుకి నువ్వే పాట కడతావా?"

పెంటయ్య నోరు తెరిచాడు. కానీ పాట రాలేదు.

పైడమ్మ దోసిట్లో తవుడు ఒక్క రవ్వ కూడా రాలకుండా మళ్ళీ గుడ్డలో పోసి ముడేసింది. "నేను పుచ్చుకోలేనమ్మా. ఆ రోజు భయపడి ఇచ్చాను. ఇవాళ భయం లేకుండా ఎలా ఎనక్కి తీసుకోను?"

"పిన్నీ, నన్ను కన్నదెవరు?"

"నాకు తెలుసు. కానీ నేను చెప్పకూడదు, కన్నది అసలే చెప్పకూడదు. అమ్మిందే చెప్పాలి. వెళ్ళు."

అప్పుడు తవిటమ్మ పావడా మోకాళ్ళ పైకి దోపుకుని గెడ్డ దాటింది. నీళ్ళు తొడల దాకా వచ్చాయి. మూడు మూటలూ నెత్తిన పెట్టుకుంది.

దాలమ్మ ఎవరో చెప్పాలి కదా. ఆమె మంత్రసాని. నేరేడుగెడ్డలో పుట్టిన ప్రతి పిల్లనీ, ప్రతి పిల్లాణ్ణీ లోకంలో మొట్టమొదట ముట్టుకున్న చెయ్యి ఆమెది. ఆ తర్వాత అదే చేత్తో నీళ్ళిస్తే మాత్రం ఇవతలివాళ్ళు తాగేవారు కాదు. ఆమె పేట వేరు, గెడ్డవతల. ఎందుకలాగ అంటావా? బుద్ధి లేక. ఇంకే కారణమూ లేదు. ఉందని ఎవరైనా చెప్తే నమ్మకు.

దాలమ్మ గుడిసె ముందు కూర్చుని బీరపాదుకి పుడకలు పాతుతోంది. జుట్టు ముగ్గుబుట్ట. కళ్ళు మాత్రం చురుకు.

"దాలమ్మా, నన్ను అమ్మింది నువ్వేనా?"

"నేనే. మంచి బేరం" అంది దాలమ్మ, తలెత్తకుండా.

"నన్ను కన్నది కూడా..." తవిటమ్మకి మాట పూర్తికాలేదు.

దాలమ్మ చేతిలో పుడక కింద పెట్టింది. తలెత్తి చూసింది. పెద్దగా నవ్వింది.

"ఓసి పిచ్చి గుంటా! ఈ ఊసు పదేళ్ళు మోసుకు తిరిగావా? మీ అమ్మే కన్నాది. రెండు రాత్రులు, ఒక పగలు నొప్పులు పడింది. ఈ రెండు చేతుల్లోకే వచ్చావు. కేరుమన్నావు. నేను చేటలో పడుకోబెట్టాను. అప్పుడు మీ అమ్మ అనాలి, 'ఇది నాది కాదు, పారేస్తున్నాను, ఎవులికి కావాలో పట్టుకుపోండి' అని. అంది. గట్టిగానే అంది. కానీ చేట వదల్లేదు."

"వదల్లేదా?"

"వదల్లేదు. నోరేమో పారేస్తున్నానంటాది, చేతులేమో పట్టుకుంటాయి. ఒక్కో వేలూ నేనే విడదీశాను. పది వేళ్ళూ."

తవిటమ్మ నేల మీద చతికిలబడింది.

"చేట పట్టుకుని వాకిట్లోకొచ్చి అరిచాను. 'నాకో గుంట దొరికింది! తవుడికి అమ్ముతాను! మూడు గుప్పెళ్ళు, మూడిళ్ళవి!' మీ అయ్య పరుగెత్తాడు. బంగారమ్మ పోసింది. పైడమ్మ పోసింది. మూడో ఇంటికెళ్తే తలుపేసుకున్నారు. నాలుగో ఇల్లూ అంతే. ఐదో ఇంట్లో కుక్కని వదిలారు. మీ అయ్య రెండు గుప్పెళ్ళతో ఎనక్కొచ్చి నా ముందు నిలబడ్డాడు. పొద్దెక్కుతోంది. లోపల మీ అమ్మ ఊపిరి బిగపట్టి వింటోంది. మూడు లేకుండా అమ్మకూడదు, అమ్మకపోతే నువ్వు దక్కవు."

"అప్పుడేం చేశావు?"

"నా కొంగున మా ఇంటి తవుడుంది, కోళ్ళకని మూటగట్టుకున్నది. ముడి విప్పాను. 'మూడోది ఇదుగో' అని నేనే పోశాను."

"అమ్మేది నువ్వే, కొనేవాళ్ళకి ఇచ్చిందీ నువ్వే!"

"అలాంటి వెర్రి బేరం ఈ గెడ్డకి రెండు పక్కలా ఎవులూ చెయ్యలేదు" అంది దాలమ్మ గర్వంగా. "మా ఇంటి నీళ్ళు ముట్టని ఊళ్ళో, మా ఇంటి తవుడుతో కొన్న పిల్లవి నువ్వొక్కదానివే."

ఇద్దరూ కాసేపు నవ్వుకున్నారు. ఆ తర్వాత దాలమ్మ చెయ్యి చాపింది.

"ఇయ్యి మరి, మూట."

తవిటమ్మ తెల్లబోయింది. "మిగతా ఇద్దరూ వద్దన్నారే!"

"వాళ్ళకేటి తెలుసు? నీ పేరు పని అయిపోయింది. నువ్వు బతికావు. ఈ బీరపాదు చూడు. మొలకగా ఉన్నప్పుడు పుడక పాతుతాం. పందిరెక్కాక పుడక పీకేసినా పాదు పడిపోదు. ఉంచినా బరువు కాదు. నీ పేరూ అంతే. ఉంచుకుంటావో తీసేస్తావో, అది పాదు ఇష్టం. పుడక పాతినోళ్ళది కాదు."

ఆ తర్వాత ఇంకో మాట కూడా అంది. "నేను మిరపకాయ కోతలకి గుంటూరు వైపు వెళ్ళినప్పుడు చూశాను. అక్కడ పిల్లలు నిలవకపోతే, పుట్టినోణ్ణి ఎంగిలి విస్తళ్ళ మీద పడుకోబెడతారు. పుల్లాకులంటారు వాటిని. పుల్లయ్య అని, పుల్లారావు అని పేరు పెడతారు. ఎక్కడికెళ్ళినా తల్లుల తిప్పలు ఒకటే. వస్తువే మారుతుంది."

అప్పుడు దాలమ్మ మూడు మూటలూ విప్పి, తవుడంతా మూకుట్లో పోసి, దోరగా వేయించింది. కమ్మటి వాసన గెడ్డదాకా వెళ్ళింది. బెల్లం ముక్క దంచి కలిపింది. మూడు ఉండలు చుట్టింది.

"ఇదుగో, నీ ఖరీదు. నువ్వే తినెయ్."

తవిటమ్మ తింది. రుచి ఎలా ఉందంటావా? కొంచెం గరుకు, కొంచెం తీపి. ఆ ఇంటి ముంత ఎత్తి నీళ్ళు కూడా తాగింది.

రెండో ఉండ దాలమ్మ తినేసింది. "తిన్నదాన్ని ఎవులూ ఎనక్కి అడగలేరు. ఇంక నిన్ను అమ్మేవాళ్ళూ లేరు, కొనేవాళ్ళూ లేరు. మూడోది మీ అమ్మకి పట్టుకెళ్ళు. తినమను. తిన్నాక ఇంక నోరు విప్పొచ్చని చెప్పు. చావు మీ ఇంటి దారి ఎప్పుడో మర్చిపోయిందని నేను చెప్పానను."

తవిటమ్మ గెడ్డ దాటింది. ఒడ్డున తడి ఇసకలో నిన్న రాసిన 'హేమలత' ఇంకా ఉంది. చక్కగానే ఉంది. అక్షరాలూ గుండ్రంగానే ఉన్నాయి. ఆ పేరుని పైకి పిలిచి చూసింది. వెనక్కి తిరిగి చూసింది కూడా, ఎవరైనా పలుకుతారేమోనని. ఎవరూ పలకలేదు. తను కూడా పలకలేదు.

ఇంటికొచ్చేసరికి సన్యాసమ్మ గుమ్మంలోనే ఉంది. పొద్దుటినుంచీ అక్కడే ఉందో ఏమో.

"పుచ్చుకున్నారా?"

"ఇద్దరు పుచ్చుకోలేదు. దాలమ్మ పుచ్చుకుని ఉండలు చేసింది. నాది నేను తిన్నాను, తనది తను తింది. ఇది నీది." ఆ తర్వాత దాలమ్మ చెప్పమన్న మాటలన్నీ అక్షరం పొల్లుపోకుండా చెప్పింది.

లోపల్నుంచి తవిటమ్మ నాన్న వచ్చాడు. "గెడ్డవతల చేసిందా? మనం తినొచ్చా మరి?" అని గొణిగాడు.

సన్యాసమ్మ మొగుడి వైపు ఒక్క చూపు చూసింది. ఉండ మొత్తం ఒకేసారి నోట్లో పెట్టుకుంది. నమిలింది. నమలడం చాలాసేపు పట్టింది. కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి, కొంగుతో తుడుచుకుంది.

"బెల్లం తక్కువేసింది" అంది. అంతే అంది.

ఆ తర్వాత సోమవారం వచ్చింది. బడి వరండా అంతా అమ్మలూ నాన్నలూ. పంతులుగారు బల్ల ముందు కూర్చుని ఒక్కొక్కరినే పిలిచి కాగితాలు రాస్తున్నారు. సన్యాసమ్మ కొత్త కోక కట్టుకుని వచ్చింది. తవిటమ్మ పక్కన నిలబడింది.

"పిల్ల మీకేమవుతుందమ్మా?" అన్నారు పంతులుగారు, కలం మూత తీస్తూ.

సన్యాసమ్మ నోరు తెరిచింది. మాట రాలేదు. పదేళ్ళు తలుపేసిన గది కదా, తలుపు బిగుసుకుపోయింది. తవిటమ్మ తన కాలి బొటనవేలి వంక చూస్తూ నిలబడింది. లెక్కల్లో మొదటి పిల్ల, ఒకటి, రెండు, మూడు అని మనసులో లెక్కపెట్టుకుంటోంది.

"నా కూతురండి" అంది సన్యాసమ్మ.

చిన్నగా అంది. చాల్లేదు. మళ్ళీ అంది. ఈసారి వరండా అవతలకి, వీధిలోకి, గెడ్డ దాకా వినబడేలా అంది.

"నా కూతురండి! నేను కన్నాను!"

తవిటమ్మ తల పైకి లేచింది. ఆ తల మళ్ళీ ఆవేళ కిందకి దిగలేదు.

"సరే, సరే, నాకు చెవుడు లేదు" అన్నారు పంతులుగారు. "పేరు హేమలత."

"తవిటమ్మ అని రాయండి."

కలం ఆగింది. "అమ్మాయ్, పట్నంలో నవ్వుతారు."

"నవ్వితే చెప్తానండి. నా పేరులో గట్టు తగువు తీర్చిన గుప్పెడు ఒకటుందని చెప్తాను. పెరటి గుమ్మంలోంచి పోసిన గుప్పెడు ఒకటుందని చెప్తాను. అవతలి గట్టునుంచి వచ్చిన గుప్పెడు ఒకటుందని చెప్తాను. హేమలతలో ఎవరున్నారండి?"

"ఎవరూ లేరు" అని వెనకనుంచి ఒక గొంతు వినిపించింది. పెంటయ్య. "పంతులుగారండీ, నాదీ కొట్టెయ్యండి. నిన్నటినుంచీ మా చెల్లి ప్రభాకరం, ప్రభాకరం అని పిలుస్తోంది. ఎవణ్ణి పిలుస్తోందా అని నేనూ వెతుకుతున్నాను."

వరండా అంతా గొల్లుమంది. అప్పలకొండ మాత్రం అపర్ణగానే ఉండిపోయింది. దానికి ఆ పేరు నచ్చింది. దాని పేరు, దాని ఇష్టం. పందిరెక్కిన పాదే కదా అదీ.

పంతులుగారు నవ్వలేదు. తవిటమ్మ వంక కాసేపు చూశారు. ఆ తర్వాత వంగి, గుండ్రటి అక్షరాలతో రాశారు. తవిటమ్మ. అద్దుడు కాగితం వేసి అద్దారు. ఇంక ఎవరు చెరిపినా పోదు.

వారం తర్వాత కాగితాలు చేతికిచ్చారు. తవిటమ్మ తన పేరు చదువుకుంది. తల్లి పేరు చదువుకుంది. చదువుతూ చదువుతూ అడుగుకొచ్చి ఆగింది. ఎప్పుడూ 'పి. రావు' అని ఉండే చోట ఈసారి నిండుగా సంతకం ఉంది.

పుల్లారావు.

తవిటమ్మ తలెత్తి పంతులుగారి వంక చూసింది. ఎక్కడో గుంటూరు వైపు, ఎంగిలి విస్తళ్ళ మీద పడుకుని బతికిన పిల్లాడు, తెల్లచొక్కా వేసుకుని నల్లబల్ల తుడుస్తున్నాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తున్నాడు. తవిటమ్మ ఏమీ అడగలేదు. ముల్లు ఊడి వచ్చేటప్పుడు మనం పలకరించకూడదు.

ఆ తర్వాత తవిటమ్మ పట్నం బళ్ళో చేరింది. మొదటిరోజు నవ్వారు. ఎందుకు నవ్వరు? తవిటమ్మ బల్లెక్కి నిలబడి, మూడు గుప్పెళ్ళ సంగతీ చెప్పింది. రెండోరోజు ఎవరూ నవ్వలేదు. మూడోరోజుకి ప్రతి పిల్లా ఇంటికెళ్ళి, నా పేరు ఎక్కడిది, ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అని అమ్మనీ నాన్ననీ పీక్కుతినడం మొదలెట్టింది.

నీ పేరు సంగతా? నన్నడుగుతావేం, పొద్దున్న మీ అమ్మనడుగు. ఇంక కళ్ళు మూసుకో.

చేట చూరుకి, రోకలి మూలకి,
బెల్లం నోటికి, తవుడు పొట్టకి,
పేరు పిల్లకి, పిల్ల తల్లికి,
కథ కంచికి, మనం పక్కకి.